ఇరవై నిమిషాల పెళ్ళికొడుకు

మిథున్‌కు కోపం ముక్కు మీద ఉంటుందని బచ్చన్నపేట వైపు అందరూ అంటారు కానీ, అది అతన్ని తక్కువ చేసి చెప్పడమే. ముక్కు మీద ఉండే కోపం కనీసం ఎదుటివాడికి కనబడుతుంది, పక్కకు జరిగే వీలుంటుంది. మిథున్ కోపానికి అలాంటి మర్యాదలేవీ లేవు.

భూపాలపల్లి దగ్గర రోడ్డు పనిలో అతను జేసీబీ నడిపేటప్పుడు ఒకరోజు సూపర్‌వైజరు వచ్చి, "నీకు బండి నడుపుడు ఎవడు నేర్పిండు?" అన్నాడు. మిథున్ ఆ సూపర్‌వైజరు మోటారుసైకిలును బకెట్‌లోకి తీసుకుని, పసిపిల్లను ఎత్తినంత సుతారంగా ఎత్తి, ఇరవై అడుగుల మట్టికుప్ప కొసన నిలబెట్టి, ఇంజను ఆపేసి, బస్సెక్కి ఇంటికొచ్చాడు. మోటారుసైకిలుకు ఒక్క గీత పడలేదు, అద్దం కూడా వంగలేదు. నడుపుడు ఎవడు నేర్పాడో గానీ బాగా నేర్పాడని చూసినవాళ్ళంతా ఒప్పుకున్నారు. పని మాత్రం పోయింది.

ఆ సంగతి చెప్పుకుని తండా అంతా నవ్వింది. మిథున్ కూడా నవ్వాడు. నవ్వని మనిషి ఒక్కతే, అతనికి నిశ్చయమైన పిల్ల కల్యాణి.

కల్యాణి జనగామలో ఒక దవాఖానలో నర్సు. వాళ్ళది మహబూబాబాద్ దగ్గరి తండా. మిథున్ తల్లి తుల్సీబాయి పుట్టిల్లు కూడా అక్కడే కాబట్టి సంబంధం తేలిగ్గానే కుదిరింది. పిల్లకు పిల్లగాడు నచ్చాడు. పిల్లగాడికి పిల్ల ఎంత నచ్చిందంటే, ఆమె ఫోన్ చేసి "తిన్నవా?" అని అడిగితే తిన్నవాడు కూడా మళ్ళీ కూర్చుని తినేవాడు. అంతా సవ్యంగా ఉంది అనుకుంటుండగా ఫోటోలవాడు వచ్చాడు.

పెళ్ళికి ముందే జంటగా ఫోటోలు, వీడియోలు తీయించుకోవడం ఇప్పుడు తండాల్లో కూడా తప్పనిసరి అయిపోయింది. స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయర్ కట్ట మీద ఎండలో ఇద్దరినీ నిలబెట్టి, ఫోటోలవాడు మిథున్‌తో "అన్నా, వదినను ఫస్ట్ టైం చూసినట్టు ఆశ్చర్యపడు" అన్నాడు. మిథున్ ఆశ్చర్యపడ్డాడు. చాలలేదన్నాడు. మళ్ళీ ఆశ్చర్యపడ్డాడు. ఎక్కువైందన్నాడు. పద్నాలుగోసారికి "అన్నా, నీ మొఖంల ఆశ్చర్యం వస్తలేదు, ఆకలైనట్టు వస్తున్నది" అన్నాడు. మరుక్షణం కెమెరా కింద పెట్టే మూడుకాళ్ళ స్టాండు గాలిలో గిరగిరా తిరుగుతూ వెళ్ళి నడినీళ్ళలో పడింది. అచ్చమైన ఆశ్చర్యం అప్పుడు ఫోటోలవాడి మొహంలో కనిపించింది.

కల్యాణి అరవలేదు. కట్ట మీద కూర్చుని, నీళ్ళలో లేచిన బుడగలు ఆగిపోయేదాకా చూసింది.

"ఇయ్యాల నువ్వంటే నాకు భయం లేదు మిథున్," అంది. "రేపు అయితదేమో అని భయమైతున్నది."

అంత చిన్న గొంతుతో అన్న మాట మిథున్‌కు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆమె ఇంకా చెప్పింది. "మా దవాఖానల పదహారో నంబరు గది ఉన్నది. శనివారం శనివారం నఫీసా మేడమ్ కూసుంటది. కోపమున్నోళ్ళు, నిద్రపట్టనోళ్ళు, అందరొస్తరు. ఆరుసార్లు పో. పెండ్లికి ముందు దినం మా ఆడోళ్ళు పాడుతరు, ఎర్కనే గదా. అప్పుడు కోపంతోని లేసి పోయినవనుకో, ఇగ పోయినట్టే. నేను రాను."

ఆడవాళ్ళు పాడటం అంటే ఏమిటో చెప్పాలి. వాళ్ళలో పాత పద్ధతి ఒకటుంది. పెళ్ళికొడుకు ఒక తోడును వెంటబెట్టుకుని ఒకరోజు ముందే పిల్ల తండాకు పోవాలి. అక్కడి ఆడవాళ్ళు అతన్ని మధ్యలో కూర్చోబెట్టి లంబాడీలో తిట్టుపాటలు పాడతారు. వాడి ముక్కునూ మీసాన్నీ నడకనూ, వాడి ఏడు తరాలనూ ఉతికి ఆరేస్తారు. చాలా తండాల్లో ఈ పద్ధతి పలచబడింది గానీ, కల్యాణి తండాలో మాత్రం ఆమె నాయనమ్మ గంగి ఉన్నంతకాలం పలచబడే ఆశ లేదు.

ఆ పాటలంటే మిథున్ ఇంట్లో ఎవరూ నవ్వరు. ముప్పై ఏళ్ళ కింద అతని తండ్రి భోజ్యా పెళ్ళికొడుకై ఇదే తండాకు పోయాడు. ఇదే గంగి అప్పుడు నడివయసులో ఉండి ఏదో పాడింది. భోజ్యా చివాలున లేచి, ఎవరికీ చెప్పకుండా రోడ్డు దాకా నడిచి, వచ్చిన బస్సెక్కి పోయాడు. మూడు రోజులకు తిరిగొచ్చాడు, పెళ్ళి అయింది. కానీ ఆ తండా ఆడవాళ్ళు దాని మీద 'బస్సెక్కిన భోజ్యా' అని పాట కట్టారు. తుల్సీబాయి ఎప్పుడు పుట్టింటికి పోయినా ఎవరో ఒకరు దాన్ని సన్నగా ఎత్తుకుంటారు. అందుకే ఆమె పోవడమే తగ్గించుకుంది.

మొదటి శనివారం మిథున్ పదహారో నంబరు గది ముందు నిలబడి, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని తువ్వాలు ముఖానికి చుట్టుకున్నాడు. దాంతో తెలియనివాళ్ళు కూడా చూశారు. లోపల నఫీసా బేగం వేయించిన పల్లీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, మోటారుసైకిలు కథా స్టాండు కథా పూర్తిగా విన్నది. మోటారుసైకిలు దగ్గర ఆమె పెదవులు కొంచెం కదిలాయి గానీ నవ్వలేదు.

"కోపం వచ్చుడు తప్పు గాదు బేటా," అంది. "వచ్చినంక దాని చేతికి బకెట్ ఇచ్చుడు తప్పు."

ఆమె అతనికి జేబులో పట్టే ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి ఇచ్చింది. కోపం వచ్చిన వెంటనే పదికి ఎంత వచ్చిందో మార్కు రాయాలి. ఏడు దాటితే అక్కడ నిలబడకూడదు. "కాని ఊకె పోవద్దు," అంది నఫీసా. "యాడికి పోతున్నవో, ఎప్పుడు మళ్ళొస్తవో చెప్పి పోవాలె. చెప్పిన టైంకు రావాలె. ఎదుటోళ్ళకు భయం నువ్వు పోయినందుకు గాదు, వస్తవో రావో తెల్వనందుకు."

"మరి ఏడు లోపు ఉంటే, మేడమ్?"

"అది ఆరో శనివారం చెప్త. అన్నిటికన్న కష్టం అదే."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. మోగి ఆగి మళ్ళీ మోగింది. "మా మరిది అమ్జద్," అంటూ ఎత్తింది. "చూడు అమ్జద్, పని టైంల నువ్వు ఫోన్ మీద ఫోన్ చేస్తే నాకు కోపం వస్తది. ఇప్పుడు ఐదు వచ్చింది. సాయంత్రం ఏడుకు నేనే చేస్త." పెట్టేసి మళ్ళీ పల్లీలు అందుకుంది. ఆరో శనివారం చెప్పబోయే పాఠమంతా తన కళ్ళ ముందే జరిగిపోయిందని మిథున్‌కు తట్టలేదు. అతను పల్లీల వైపు చూస్తున్నాడు.

ఆ నెల రోజుల్లో నోటుబుక్కు చకచకా నిండింది. బచ్చన్నపేట చెరువు పూడిక పనిలో అతనికి మళ్ళీ జేసీబీ దొరికింది. అక్కడ బకెట్ ఎత్తినప్పుడల్లా ముందు జేబు తడుముకునేవాడు. నోటుబుక్కులో ఇలా ఉండేది. 'సోమవారం. రఘునాథ్ బావ నా చార్జర్ పట్కపోయిండు. నాలుగు. మంగళవారం. చార్జర్ తెచ్చిండు, వైరు తెగి ఉన్నది. ఆరు. బుధవారం. నేను తెంపలే, ఎలుక కొరికింది అన్నడు. బావకు ఆరున్నర. ఎలుకకు రెండు.'

చిక్కల్లా ముహూర్తం దగ్గర వచ్చింది. ఐదు శనివారాలు పూర్తయ్యాయో లేదో శుక్రవారం పెళ్ళి పడింది. ఆరోది పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి పోదాంలే అని కల్యాణి ఒప్పుకుంది. మిథున్ మాత్రం ఆ చెప్పని పాఠాన్ని సొంతంగా ఊహించేసుకున్నాడు. ఏడు దాటితే పోవాలి కాబట్టి, ఏడు లోపు ఉంటే కదలకూడదు, మెదలకూడదు, రాయిలా కూర్చోవాలి. అన్నిటికన్నా కష్టం అన్నది కూడా అందుకే అయ్యుంటుంది. ఇక రోజూ పొద్దున రేకుల కొట్టం వెనక కూర్చుని అభ్యాసం మొదలుపెట్టాడు. ఎదురుగా స్టూలు వేసుకుని గంటసేపు తిట్టే బాధ్యత రఘునాథ్ బావకు అప్పగించాడు. సొంత చెల్లెలి పెళ్ళి పనులకు కూడా అంత ఉత్సాహంగా నిద్ర లేవని రఘునాథ్ ఐదింటికే లేచి వచ్చేవాడు.

గురువారం పొద్దున తెల్లబట్టలు, ఎర్ర తలపాగా, కాళ్ళకు కొత్త చెప్పులతో మిథున్, వెంట తోడుగా రఘునాథ్, కల్యాణి తండాలో దిగారు. వేపచెట్టు కింద గొంగడి పరిచి కూర్చోబెట్టారు. చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు. అందరికీ ఎదురుగా మంచం మీద గంగి, డెబ్బై అయిదేళ్ళ మనిషి, చేతుల నిండా గాజులు, కళ్ళ నిండా ముప్పై ఏళ్ళ అనుభవం. పక్కింటి కిటికీలో కల్యాణి ముఖం సగం కనిపిస్తోంది.

మొదట నీలిరంగు చీర కట్టుకున్న ఒకామె అతని ముక్కు మీద పాడింది. ఈ ముక్కుతో చెరువు పూడిక తీయొచ్చు, జేసీబీ దేనికి అని. ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. మిథున్ కదల్లేదు. బయటికి గాలి వదిలి, నోటుబుక్కు తీసి ఏదో గీకి, లోపల పెట్టుకున్నాడు. రెండో ఆమె మీసం మీద పాడింది. గీకాడు, పెట్టుకున్నాడు. మూడో పాటలో అతని జేసీబీకీ అతనికీ పెళ్ళి చేశారు. నాలుగో పాటలో పిల్లలు కూడా పుట్టారు, ముగ్గురిదీ జేసీబీ పచ్చరంగే. కొంగులు నోట్లో కుక్కుకున్నా ఆడవాళ్ళకు నవ్వు ఆగలేదు. పెళ్ళికొడుకు మాత్రం మంత్రాలయం పోయి మొక్కు తీర్చుకుంటున్న మనిషిలా కళ్ళు అరమూసి కూర్చున్నాడు.

అరగంట గడిచేసరికి పాటలు నీరసించాయి. ఈ ఆటలో పెళ్ళికొడుకు తిరగబడాలి, బతిమాలాలి, దొంగకోపం నటించాలి, తప్పుడు తాళంలో ఒక పాటైనా ఎదురు పాడాలి. తిట్టు ఊరికే గాలికి పోతే పాడినవాళ్ళకు ఎంత అవమానం. నీలిరంగు చీర ఆమె అతని చెవి దగ్గర చప్పట్లు కొట్టి చూసింది. రెప్ప పడలేదు. గంగి మంచం దిగి వచ్చి, అతని కంటి రెప్ప పైకెత్తి లోపల పరీక్షించింది.

"వీనికి మత్తు గోలీలు వేసి తోల్కొచ్చిన్రు," అని తేల్చింది.

"గోలీలు గావవ్వ," అన్నాడు రఘునాథ్, చేతిలో నాలుగో లడ్డూతో, సహాయం చేద్దామనే ఉద్దేశంతో. "ఉట్టిగనే దవాఖానకు పోతుండు. శనివారం శనివారం."

పన్నెండు జతల గాజుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఏం రోగం అని ఒకరు, అంటుకునేదా అని ఒకరు, ముందే ఎందుకు చెప్పలేదని ఒకరు. గంగి నడుం మీద చేయి పెట్టుకుంది. "ఇంత తిట్టినా రోషం రాని పిల్లగాడు రేపు సంసారమేం జేస్తడు? మొద్దు లెక్క కూసుంటడు. నేను పిల్లనియ్య."

కిటికీలో కల్యాణి నుదురు కొట్టుకుంది. కోప్పడితే పెళ్ళి లేదని తను చెప్పింది. కోప్పడకపోతే పెళ్ళి లేదని నాయనమ్మ చెబుతోంది. ఈ ఇద్దరి మధ్యా పెళ్ళికొడుకు నోటుబుక్కులో గీకుతూనే ఉన్నాడు.

ఆ గీకుడే గంగి కంట పడింది. "పేర్లు రాసుకుంటుండు. కేసు పెడతడు," అంటూ ఒక్క లాగుడుతో నోటుబుక్కు లాక్కుని, డిగ్రీ చదువుతున్న మనవరాలు గోరీ చేతిలో పెట్టింది. గోరీ గొంతు సవరించుకుని చదివింది.

"ముక్కు పాట. నీలిచీర అక్క. రెండు. మీసం పాట. పండ్లు ఎత్తున్న అక్క. ఒకటిన్నర. జేసీబీ పెండ్లి. మూడు. పిల్లలు పచ్చరంగు. నవ్వొచ్చింది, ఆపుకున్న. మార్కు లేదు."

"ఏందీ మార్కులు?" అన్నది గంగి.

మిథున్ నోరు తెరవక తప్పలేదు. "కోపం మార్కులవ్వ. పదికి ఎంతొచ్చిందో రాయాలె. దవాఖానల మేడమ్ చెప్పింది."

నీలిచీర ఆమె ముందుకొచ్చింది. ఆమె ముఖం ఎర్రబడింది. "పదికి రెండా? పదిహేనేండ్ల సంది పాడుతున్న. పోయిన పెండ్లికొడుకు నా ముక్కు పాటకు ఏడ్చిండు. నాకు రెండేస్తవా?"

"పాట మంచిగనే ఉన్నదక్క," అన్నాడు మిథున్. "కాని నా ముక్కు గురించి మా అక్క ఇంతకన్న ఘోరంగ చెప్తది. చిన్నప్పటి సంది అలవాటైంది."

నవ్వు పుట్టింది. ఎత్తుపళ్ళ ఆమె తనకు ఒకటిన్నర ఎందుకు పడిందో కారణం చెప్పమంది. అర మార్కు తాళానికి, ఒకటి ధైర్యానికి అన్నాడు మిథున్. ఇక ఆగలేదు. ఒక్కొక్కరే చీర కుచ్చిళ్ళు సవరించుకుని ముందుకొచ్చి పాడటం, మిథున్ మార్కు చెప్పడం, చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోకపోవడం. ఒకామె నాలుగు తెచ్చుకుని పరీక్ష పాసైనట్టు గంతేసింది. ఇంకొకామెకు మూడు పడితే రెండోసారి పాడే అవకాశం కావాలని పట్టుబట్టింది. మిథున్ ఎదురు పాట కూడా అందుకున్నాడు. నీలిచీర అక్క చప్పట్లకు చెరువు కట్ట తెగిందని పాడితే, ఆమె నవ్వలేక గొంగడి మీద కూలబడింది. రఘునాథ్ ఏడో లడ్డూ తీసుకున్నాడు. మిథున్‌కు లోపల ఏదో తేలికైంది. కోపం వచ్చింది, నోటితో చెప్పాడు, ఎవరి మీదా ఏమీ పడలేదు. ఇది ఇంత సులువా అనుకున్నాడు.

అప్పుడు గంగి మంచం మీద సర్దుకుని కూర్చుంది. అందరూ సద్దుమణిగారు.

ఆమె మొదట 'బస్సెక్కిన భోజ్యా' పాడింది. అది మిథున్ ఎదురుచూసిన పాటే. నాలుగు, అన్నాడు. గంగి తల ఊపి, అప్పటికప్పుడు కట్టిన చరణం ఒకటి అందుకుంది. ఘన్‌పూర్ కట్ట కథ ఫోటోలవాడి ద్వారా ఆమె దాకా వచ్చినట్టుంది. తండ్రి బస్సెక్కిండు, కొడుకు స్టాండును నీళ్ళల్ల విసిరిండు, ఇయ్యాల ఇనుప కాళ్ళు నీళ్ళల్ల మునిగినయి, రేపు మా పిల్ల కాళ్ళు ఏ నీళ్ళల్ల తేలుతయో అని పాడింది.

ఎవరూ నవ్వలేదు. మిథున్ అది అబద్ధమైతే నవ్వేసేవాడు. కట్ట మీద కల్యాణి చిన్న గొంతుతో చెప్పిన భయాన్నే ఈ ముసలామె పన్నెండు మంది ముందు పాడింది. కాళ్ళు వాటంతటవే లేచాయి. కిటికీలో కల్యాణి ముఖం పాలిపోయింది.

అతను రెండడుగులు వేసి ఆగాడు. ఆగడానికి ఎంత బలం పట్టిందో అతనికే తెలుసు.

"పది," అన్నాడు. "నీకు పది వచ్చిందవ్వ. నేను రోడ్డు దాక పోతున్న. ఇప్పుడు పదకొండు పది. పదకొండున్నరకు ఈడ ఉంట."

చెప్పుల్లో కాళ్ళు దూర్చి వెళ్ళిపోయాడు. వెనక గోరీ ఫోన్‌లో టైమర్ పెట్టడం అతను చూడలేదు.

కోపంతో ఉన్న కాళ్ళకు దూరం తెలియదు. పొలాల గట్ల వెంట ఆగకుండా నడుస్తూ, గంగి పాటకు జవాబులు పైకే చెప్పుకుంటూ, ఒక గేదె తప్పుకోలేదని దాన్ని మేపుతున్న పిల్లగాడి ముందే దానికి కూడా ఒక మార్కు వేసి, రోడ్డు మీదికి వచ్చాడు. వచ్చీ రాగానే మహబూబాబాద్ బస్సు ఎదురొచ్చి ఆగింది. ఎర్ర తలపాగా పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డవాడిని చూసి ఏ బస్సైనా ఆగుతుంది.

"పెండ్లికొడుకా, ఎక్కుతవా?" అంది కండక్టరమ్మ.

తలుపు తెరిచి ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీ. ఎక్కి కూర్చుంటే చాలు, ఎవరూ పాడరు, ఎవరూ చూడరు. ఇన్నేళ్ళుగా అర్థం కాని తండ్రి ఆ ఒక్క నిమిషంలో మిథున్‌కు పూర్తిగా అర్థమయ్యాడు. ఎక్కడం ఎంత సులువో తెలిసి అతనికి భయం వేసింది.

"ఎక్క. టైమెంతక్క?"

"పదకొండు ఇరవై మూడు."

పదమూడు నిమిషాలు నడిచొచ్చిన దారి. చేతిలో ఏడు నిమిషాలు. మిథున్ కొత్త చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పరుగు తీశాడు. అరకిలోమీటరుకు తలపాగా విడిపోయి తోకలా వెనక ఎగిరింది. దాన్ని చూసి ఒక కుక్క వెంటబడింది, దాన్ని చూసి ఇంకో రెండు. పత్తి ఏరుతున్న కూలీలు నడుం నిటారుగా చేసి, పెళ్ళికొడుకు పారిపోతున్నాడని కేకలు వేశారు. "పోతలేను, వస్తున్న," అని మిథున్ పరిగెత్తుతూనే జవాబిచ్చాడు. కోపం ఏ పొలం గట్టు మీద జారిపోయిందో కూడా అతనికి తెలియలేదు. మనిషికి ఒకేసారి కోపంగా ఉండటం, కుక్కల నుంచి తప్పించుకోవడం రెండూ కుదరవు.

తండా అంచున ఆడవాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. గోరీ ఫోన్ పైకెత్తి లెక్క చదువుతోంది. నీలిచీర ఆమె "ఉరుకు తమ్మీ, ఉరుకు" అంటూ తనే ఎదురు పరిగెత్తింది. మిథున్ వచ్చి గొంగడి మీద బోర్లా పడ్డాడు. పన్నెండు సెకండ్లు మిగిలాయని గోరీ ప్రకటించింది. కుక్కలకు రఘునాథ్ మిగిలిన లడ్డూలు వేశాడు, కొంచెం బాధగానే.

ఆయాసం తగ్గాక మిథున్ లేచి గంగి ముందు కూర్చున్నాడు.

"అవ్వ, నువ్వు పాడింది అబద్ధం గాదు. అందుకే పదొచ్చింది. నాకు గూడ అదే భయం. ఆ భయానికే శనివారం శనివారం పోతున్న."

గంగి కొంగుతో అతని ముఖం మీది దుమ్ము తుడిచింది. "మీ నాయిన మూడు దినాలకొచ్చిండు," అంది. "వచ్చి గూడ ఒక్క మాట చెప్పలే."

తలుపు ధడేల్మంది. పెళ్ళికూతురు బయటికి రాకూడదన్న పద్ధతి గుర్తుచేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. కల్యాణి నేరుగా వచ్చి మిథున్ ముందు నిలబడింది. "అందరికి చెప్పినవ్. అవ్వకు చెప్పినవ్, గోరీకి చెప్పినవ్, బర్రెకు గూడ చెప్పినవట. కిటికీల నేనున్న గదా, నా దిక్కు ఒక్కసారి చూడలే. ఇరవై నిమిషాలు నాకు పానం పానంల లేదు. బస్సు హారన్ ఇనబడంగనే నేను..." ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడుపు వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది, ఆ కోపంలో అతని చేతిలోని చెప్పు లాక్కుని దూరంగా విసిరేసింది. కుక్కలు దాని వెంట పోయాయి.

మిథున్ గోరీ దగ్గర నుంచి నోటుబుక్కు తీసుకుని, పెన్నుతో సహా కల్యాణి ముందు పట్టుకున్నాడు. "ఎంతొచ్చింది?"

ఆమె ముక్కు ఎగబీల్చి రాసింది. తొమ్మిదిన్నర.

"అర మార్కు ఎందుకు తగ్గించినవ్?"

"పన్నెండు సెకండ్లు ముందొచ్చినవ్ గదా," అంది కల్యాణి, ఏడుస్తూనే నవ్వుతూ.

శుక్రవారం మిథున్ తండా నుంచి పెళ్ళివాళ్ళ వ్యాను వచ్చింది. భోజ్యా దిగాడు, వెనకే తుల్సీబాయి దిగింది. ఆడవాళ్ళు గొంతు ఎత్తగానే ఆమె అలవాటు కొద్దీ తల వంచుకుంది. కానీ పాటలో బస్సు లేదు. తలపాగా తోకలా ఎగురుతుంటే, మూడు కుక్కలు తరుముతుంటే, ఇరవై నిమిషాల్లో మళ్ళొచ్చిన పెళ్ళికొడుకు ఉన్నాడు. తుల్సీబాయి తల ఎత్తింది. రెండో చరణానికి ఆమె కూడా గొంతు కలిపింది. పుట్టినింట్లో ఆమె పాడటం ముప్పై ఏళ్ళలో ఇదే మొదలు. భోజ్యా భోజనాల దగ్గర కొడుకు పక్కన చేరి, "ఆ బుక్కు యాడ దొరుకుతది?" అని మెల్లగా అడిగాడు.

ఆరో శనివారం నఫీసా బేగం తలుపు తీస్తే ఎదురుగా కొత్త జంట, వెనక భోజ్యా తుల్సీబాయి, మొత్తం నలుగురున్నారు. గదిలో కుర్చీలు మూడే. మిథున్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఏడు లోపు ఏం చేయాలో చెప్పడానికి నఫీసా నోరు తెరిచేలోగా, తండాలో జరిగింది కల్యాణి పూసగుచ్చినట్టు చెప్పేసింది. "కోపమొచ్చిందని నోటితోని చెప్పాలె, నేను చెప్పేది గూడ అదే," అంటూ నఫీసా ఈసారి మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది. పల్లీల డబ్బా అందరి మధ్యకూ జరిపి, కొత్త నోటుబుక్కు తీసి భోజ్యా ముందు పెట్టింది.

"నాకు ఇప్పుడు కోపమేం లేదు మేడమ్," అన్నాడు భోజ్యా. "పాతది రాయొచ్చా?"

రాయొచ్చు అంది. భోజ్యా వంగి, ముప్పై ఏళ్ళ కిందటి ఆ పాటల రోజు తారీఖు వేశాడు. పెన్ను పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత దాని పక్కన రెండు అని రాశాడు.

తుల్సీబాయి పక్కనుంచి తొంగి చూసింది. "రెండా? రెండు మార్కులకు మూడు దినాలు పోయినవా?"

"కాళ్ళు సన్నగున్నయని పాడిన్రు," అన్నాడు భోజ్యా. "సన్నగనే ఉండె. బస్సు రెండు స్టేజీలు పోంగనే కోపం దిగింది. ఇగ తర్వాతంతా సిగ్గే. ఎట్ల మళ్ళి రావాల్నో నాకెవరు చెప్పలే."

తుల్సీబాయి అతని చేతిలోంచి పెన్ను తీసుకుంది. నోటుబుక్కు తన వైపు తిప్పుకుని, అదే తారీఖు కింద తన మార్కు వేసింది. ఆలోచించడానికి ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.